ఆ పిడుగు ఎవరి కోపం?

క్యోటో రాజభవనంలో ఆ రోజు మంత్రులు సమావేశమైంది వాన కోసమే. 930వ సంవత్సరం, చాంద్రమానం ప్రకారం ఆరో నెల 26వ తేదీ. చినుకు లేక చేలు ఎండుతున్నాయి. వాన కోసం క్రతువు చేయించాలా వద్దా అని చర్చ నడుస్తోంది. అంతలో అతాగో కొండ వైపు నుంచి నల్లమబ్బు కమ్ముకొచ్చింది. ఉరుములతో వాన మొదలైంది. చక్రవర్తి ఉండే సెయిర్యోదెన్ మందిరంలో నైరుతి మూల స్తంభం మీద పిడుగు పడింది. ఫుజివరా కియోత్సురా అనే పెద్ద హోదా మంత్రి బట్టలంటుకుని, రొమ్ము చీలి చనిపోయాడు. మరో అధికారి ముఖం కాలిపోయింది. పక్క మందిరంలోనూ మనుషులు కూలిపోయారు. ఆ దెబ్బతో దైగో చక్రవర్తి మంచం పట్టాడు. మూడు నెలలకు సింహాసనం కొడుక్కి అప్పగించి, ఆ తర్వాత వారానికే కన్నుమూశాడు.

వాన కోసం కూడిన సభ మీదే పిడుగు పడితే దాన్ని కాకతాళీయమని సరిపెట్టుకునే కాలం కాదది. రాజధానిలో అందరి నోటా ఒకే పేరు వినిపించింది: సుగవరా మిచిజానె. అప్పటికి ఆయన పోయి 27 ఏళ్లు.

మనుషులు ఉరుముగా, పిడుగుగా మారిన కథలు చాలాచోట్ల ఉన్నాయి. దక్షిణ చైనాలోని లెయిజోవు ద్వీపకల్పంలో 7వ శతాబ్దపు అధికారి చెన్ వెన్యూను ‘ఉరుముల మూలపురుషుడు’గా కొలుస్తారు. పిడుగు పడి పగిలిన గుడ్డులోంచి ఆయన పుట్టాడని, మంచిగా పాలించి మళ్లీ మేఘాల్లోకే వెళ్లాడని అక్కడివాళ్లు చెప్పుకుంటారు. అది కృతజ్ఞతలోంచి పుట్టిన కథ, అందులో చిక్కు లేదు. మిచిజానె కథ అలాంటిది కాదు. ఆఫ్రికాలో షాంగో కథా అలాంటిది కాదు. ఈ ఇద్దరూ లోకం తమను వదిలేశాక ఉరుమైనవాళ్లు. అక్కడే అసలు ప్రశ్న పుడుతుంది. చనిపోయిన మనిషి పిడుగై కోపం తీర్చుకుంటున్నాడని జనం నమ్మినప్పుడు, ఆ కోపం నిజంగా ఎవరిది?

మిచిజానె 845లో పండితుల కుటుంబంలో పుట్టాడు. తాత, తండ్రి ఇద్దరూ చైనా సాహిత్యంలో ఆచార్యులు. ఆయనా 877లో ఆ పీఠం ఎక్కాడు. ఉదా చక్రవర్తి ఆయన్ని నమ్మి పైకి తీసుకొచ్చాడు. 894లో చైనాకు రాయబారిగా నియమిస్తే, అక్కడి తాంగ్ రాజ్యం కుప్పకూలుతోంది, ఈ ప్రయాణాలు మానుకుందామని విన్నవించుకున్నాడు. 899 నాటికి కుడి మంత్రి అయ్యాడు. ఎడమ మంత్రి, అంటే ఆయన కన్నా ఒక మెట్టు పైన ఉన్నవాడు ఫుజివరా తోకిహిరా. తరతరాలుగా చక్రవర్తులకు పిల్లనిచ్చి రాజ్యాన్ని గుప్పిట్లో పెట్టుకున్న వంశం అది. పుస్తకాలు చదివి పైకొచ్చినవాడు తమ సరసన కూర్చోవడం వాళ్లకు నచ్చలేదు. 901 మొదటి నెలలో అభియోగం తెచ్చారు. దైగో చక్రవర్తిని దించి, తన అల్లుడైన రాకుమారుణ్ని గద్దెనెక్కించాలని మిచిజానె కుట్ర పన్నాడన్నారు. విచారణ జరగలేదు. క్యూషూ దీవిలోని దజైఫుకు పదవి పేరు చెప్పి పంపేశారు. పేరుకే పదవి, నిజానికది ప్రవాసం. అప్పటికే గద్దె దిగిన ఉదా చక్రవర్తి విషయం తెలిసి స్వయంగా భవనం గుమ్మం దాకా వచ్చాడు. లోపలికి రానివ్వలేదు.

రెండేళ్లు తిరిగాక, 903 రెండో నెల 25న ఆయన దజైఫులోనే చనిపోయాడు. శవాన్ని మోసుకెళ్తున్న ఎడ్లబండి ఒకచోట ఆగి కదలనంటే అక్కడే పాతిపెట్టారని స్థలపురాణం. దజైఫు తెన్మాంగు ఆలయం ఆ చోటే ఉంది.

ఆ తర్వాత చావులు వరుసకట్టాయి. 909లో తోకిహిరా 39 ఏళ్లకే పోయాడు. 923లో యువరాజు పోయాడు. అతను తోకిహిరాకు స్వయానా మేనల్లుడు. దైగో చక్రవర్తి బెదిరిపోయి మిచిజానెకు పాత పదవిని తిరిగి ఇచ్చి, ప్రవాసపు ఉత్తర్వును తగలబెట్టించాడు. ఫలితం లేకపోయింది. యువరాజు స్థానంలోకి వచ్చిన పసివాడు, తోకిహిరా కూతురి కొడుకు, 925లో చనిపోయాడు. అయిదేళ్లకు సెయిర్యోదెన్ మీద పిడుగు.

అన్యాయంగా చచ్చినవాళ్లు తెగుళ్లై, గాలివానలై తిరిగొస్తారన్న భయం జపాన్ దర్బారుకు కొత్తేమీ కాదు. 785లో సవారా రాకుమారుడి మీద హత్యానేరం మోపితే ఆయన అన్నం మానేసి ప్రవాసానికి వెళ్తూ దారిలోనే ప్రాణం వదిలాడు. ఆ తర్వాత వచ్చిన అరిష్టాలకు జడిసి, 800లో ఆయనకు చనిపోయాక చక్రవర్తి బిరుదిచ్చారు. 863లో అంటువ్యాధి ప్రబలితే క్యోటోలోని రాజోద్యానం ద్వారాలు సామాన్యులకు కూడా తెరిచి, అలాంటి ఆరుగురు మృతుల శాంతి కోసం సూత్రపారాయణ, సంగీతం, నాట్యం, కుస్తీలు జరిపించారు. మిచిజానెకు అప్పుడు 18 ఏళ్లు. తన పేరూ ఒకనాడు ఆ వరుసలో చేరుతుందని ఆ కుర్రవాడు ఊహించి ఉండడు.

ఆయన కోపం గురించి దొరికే కథలన్నీ ఇతరులు చెప్పినవే. ఒకటి చాలా కళ్లకు కట్టినట్టుంటుంది. హియెయి కొండ మీద సొన్‌యి అనే పెద్ద భిక్షువు దగ్గరికి ఒక రాత్రి మిచిజానె ఆత్మ వచ్చింది. పగ తీర్చుకునేందుకు దేవతల అనుమతి దొరికింది, రాజు పిలిచినా నువ్వు నన్ను ఆపడానికి రావద్దు అని అడిగింది. ఒకటి రెండుసార్లయితే తప్పించుకుంటాను గానీ మూడోసారి ఆజ్ఞ వస్తే వెళ్లక తప్పదన్నాడు భిక్షువు. ఆత్మ ముఖం మారిపోయింది. తినమని ముందుపెట్టిన దానిమ్మపండు కొరికి తలుపు మీద ఉమ్మితే గింజలు మంటలై లేచాయి. భిక్షువు చేతివేళ్లతో ముద్ర పట్టి నీళ్లు రప్పించి ఆర్పాడు. 13వ శతాబ్దం మొదట్లో మిచిజానె కథను చెబుతూ గీసిన కితానో తెన్‌జిన్ చిత్రపటాల చుట్టలో ఈ ఘట్టం ఉంది. రాజభవనం మీద నల్లమబ్బులోంచి ఎర్రగా విరుచుకుపడే ఉరుముదేవుడి బొమ్మా అందులోదే. మరో కథలో తోకిహిరా కత్తి దూసి ఉరుముకు ఎదురు నిలుస్తాడు. బతికుండగా నాకన్నా ఒక మెట్టు కింద ఉన్నావు, దేవుడివైనా నాకు గౌరవమిచ్చి తీరాలి అంటాడు. ఆ మాటకు ఉరుము కాసేపు సద్దుమణిగిందట. హోదా చచ్చాక కూడా వెంట వస్తుందని నమ్మిన సభ అది.

ఇక మిచిజానె తానుగా రాసుకున్నదేమిటి? ప్రవాసంలో ఆయన చైనా భాషలో రాసిన కవితలు దాదాపు నలభై మిగిలాయి. చనిపోయే ముందు వాటిని మూటగట్టి రాజధానిలోని మిత్రుడు కి నో హసెవోకు పంపాడు. వాటిలో కారే పైకప్పు ఉంది, కడుపునొప్పి ఉంది, వెంట వచ్చిన పసిపిల్లల ఆకలి ఉంది. ఆ పిల్లల్లో ఒక కొడుకు అక్కడే పోయాడు. అన్నిటికన్నా ఎక్కువగా మనసును పట్టేది 901 తొమ్మిదో నెల పదో తేదీన రాసిన నాలుగు పాదాల చిన్న కవిత. ఏడాది కిందట సరిగ్గా అదే రాత్రి తాను చక్రవర్తి సమక్షంలో కవిత చదివి వస్త్రం బహుమతిగా అందుకున్నాడు. ఆ వస్త్రాన్ని ప్రవాసానికి వెంట తెచ్చుకున్నాడు. రోజూ రెండు చేతులా ఎత్తి, దానికింకా అంటుకుని ఉన్న పరిమళానికి మొక్కుతున్నానని అందులో రాశాడు. వస్త్రమిచ్చింది దైగో. ఇచ్చిన చోటు సెయిర్యోదెన్.

ముప్ఫై ఏళ్లు తిరక్కముందే తాను కాల్చాడని జనం నమ్మిన మందిరం అదే. తన పగతో చచ్చాడని నమ్మిన చక్రవర్తి ఆయనే.

ఆ కవితల్లో శాపం లేదు. దుఃఖం ఉంది, నేను నిర్దోషిని అన్న మాట ఉంది. అంతకు మించి లేదు. దజైఫు పక్కనున్న కొండెక్కి ఏడు రోజులు ఆకాశానికి మొరపెట్టుకుని దేవుడయ్యాడన్న కథ తర్వాత చేరింది. 1746లో వచ్చిన ప్రసిద్ధ బొమ్మలాటలోనూ మిచిజానె ప్రేక్షకుల కళ్లముందే కోపంతో ఉరుముదేవుడైపోతాడు. కాలం గడిచేకొద్దీ ఆ కోపం పెరుగుతూ పోయింది. మామూలుగా మనుషుల కోపం కాలంతో చల్లారుతుంది. ఇది మాత్రం పెరిగింది, ఎందుకంటే ఆ కోపం ఆయనది కాదు. ఆ అభియోగం అబద్ధమని తెలిసీ నోరు మూసుకున్న సభది, గుమ్మం దగ్గర మాజీ చక్రవర్తిని ఆపినవాళ్లది, ఉత్తర్వు మీద ముద్ర వేసిన చేతులది. తప్పు చేసినవాడికి తన తప్పు ముందుగా ఎదుటివాడి కోపంగానే వినిపిస్తుంది.

941లో కిన్పు కొండ మీద తపస్సు చేస్తూ దోకెన్ అనే సన్యాసి ఊపిరి ఆగి పడిపోయాడు. 13 రోజుల తర్వాత లేచి తాను చూసిన లోకాల గురించి చెప్పాడు. అక్కడ మిచిజానె మహాదేవత రూపంలో గొప్ప కోటలో ఉన్నాడట. పిడుగు సంగతి అడిగితే, అది నా మూడో దూత చేసిన పని అన్నాడట. నన్ను తలిచి నా రూపానికి మొక్కినవాణ్ని కాపాడతాను అని కూడా అన్నాడట. ఆ తర్వాత దోకెన్‌కు ఇనుప గుహ ఒకటి చూపించారు. దైగో చక్రవర్తి అక్కడ ఎర్రటి నిప్పుల బూడిద మీద ముగ్గురు మంత్రులతో కలిసి గొంతుక్కూర్చుని ఉన్నాడు. నలుగురిలో ఆయనొక్కడికే వీపు కప్పుకునేందుకు గుడ్డ ముక్క ఉంది. దోకెన్ వంగి దండం పెట్టబోతే చక్రవర్తి వారించాడు. పాపం లేనివాడే ఇక్కడ రాజు, నాకు మొక్కకు అన్నాడు.

చక్రవర్తి పోయి పదకొండేళ్లే అయింది. ఆయన కొడుకే అప్పుడు గద్దె మీద ఉన్నాడు. ఆ రోజుల్లో ఒక సన్యాసి నోట ఈ మాట రావడమంటే చిన్న సంగతి కాదు. కొలువులో ఎవరూ అనలేనిది కల పేరుతో, దర్శనం పేరుతో బయటికొచ్చింది.

మరుసటి ఏడాది క్యోటోలో అయాకో అనే పేద స్త్రీకి పూనకం వచ్చింది. కితానోలోని గుర్రపు మైదానం దగ్గర నాకు గుడి కట్టమని మిచిజానె ఆమె నోట పలికాడు. గుడి కట్టే స్తోమత లేక ఆమె తన ఇంటి దగ్గరే చిన్న మందిరం పెట్టుకుంది. కొన్నేళ్లకు ఓమీ ప్రాంతంలో పూజారి ఏడేళ్ల కొడుకు నోటా అదే మాట వచ్చింది. 947లో కితానోలో గుడి లేచింది. అక్కడ అంతకుముందే ఒక ఉరుముదేవుడు ఉన్నాడు. 904లోనే మంచి పంటల కోసం రాజదూత వచ్చి ఆయనకు పూజ చేసినట్టు దాఖలా ఉంది. వాననిచ్చే పాత ఉరుము, న్యాయమడిగే కొత్త ఉరుము ఒకే చోట కలిసిపోయాయి.

షాంగో కథ దీనికి తిరగేసినట్టుంటుంది. ఇప్పటి నైజీరియాలోని ఓయో రాజ్యాన్ని తొలినాళ్లలో ఏలిన రాజు ఆయన. యొరుబా పాస్టర్ శామ్యూల్ జాన్సన్ 1897లో రాసి ముగించిన, 1921లో అచ్చయిన చరిత్రలో ఆ కథ ఉంది. షాంగోకు మెరుపును కిందికి దించే మందు తెలుసు. అది పనిచేస్తుందో లేదోనని ఒకరోజు కొండెక్కి ప్రయోగించాడు. పిడుగు ఆయన సొంత కోట మీదే పడింది. భార్యలు, పిల్లలు చాలామంది మంటల్లో పోయారు. ఆ బాధ భరించలేక రాజ్యం వదిలి తల్లి పుట్టింటివైపు బయలుదేరాడు. వెంట వచ్చినవాళ్లు ఒక్కొక్కరే దారిలో జారుకున్నారు. ఒంటరిగా మిగిలిన రాజు చెట్టుకు ఉరేసుకున్నాడు. ఊళ్లోవాళ్లు ఆ చావును ఎగతాళి చేశారు. అది విని తట్టుకోలేక ఆయన మనుషులు పొరుగునున్న బరిబా దేశం వెళ్లి, పిడుగును రప్పించే విద్య నేర్చుకుని వచ్చారట. గడ్డి ఇళ్లు తరచుగా తగలబడడం మొదలైంది. జనం భయపడ్డారు. రాజు ఉరేసుకోలేదు, ఆకాశానికి వెళ్లాడు, నోరు జారినవాళ్లను శిక్షిస్తున్నాడు అన్నారు ఆయన మనుషులు. ‘రాజు ఉరేసుకోలేదు’ అన్న ఆ కేకే షాంగోకు జయజయధ్వానమైంది. 1960లలో దురో లాదిపో రాసి ఆడిన యొరుబా సంగీత నాటకానికీ అదే పేరు.

జాన్సన్ క్రైస్తవ మత ప్రచారకుడు కాబట్టి పూజారుల మాయగా చెప్పడానికే మొగ్గుతాడు. భక్తులు చెప్పే కథ వేరుగా ఉంటుంది. కానీ అందులోని నొప్పి మాత్రం నమ్మదగినదే. మిచిజానె నిర్దోషి, సభ దోషి. షాంగో కథలో రాజే దోషి, తన చేత్తో తన పిల్లల్ని కాల్చుకున్నవాడు. అయినా ఆయన్ని వదిలేసి వచ్చినవాళ్లకు ఆ చెట్టు కింద మిగిలిన ఒంటరి చావు నిద్రపట్టనివ్వలేదు. సముద్రం దాటించి బానిసలుగా అమ్మేసిన యొరుబాలు ఈ దేవుణ్ని వెంట తీసుకుపోయారు. క్యూబాలో, బ్రెజిల్‌లో, ట్రినిడాడ్‌లో ఈనాటికీ ఆయనకు పూజలున్నాయి. ఓయోలో జరిగే షాంగో పండుగ 2023లో యునెస్కో జాబితాకెక్కింది.

ఈ నమ్మకానికి చీకటి పక్క ఉంది. దాన్ని దాటవేయకూడదు. పిడుగు న్యాయమైతే, పిడుగు పడ్డవాడు నేరస్థుడు కావాలి. పాత యొరుబా ఊళ్లలో జరిగింది అదే. ఏ ఇంటి మీద పిడుగు పడినా షాంగో పూజారులు వచ్చి, నేలలోంచి ‘పిడుగురాయి’ తవ్వి తీసేవారు. ఆ ఇంటివాళ్లు జరిమానా కట్టుకోవాలి. చచ్చినవాడు దొంగో, అబద్ధసాక్ష్యం చెప్పినవాడో అయి ఉంటాడని లెక్క. బంధువులు బహిరంగంగా ఏడవడానికి కూడా వీల్లేదు. ఒకరి అవమానాన్ని తుడవడానికి పుట్టిన నమ్మకం వేరేవాళ్ల గుమ్మంలో అవమానాన్ని పడేసింది.

తెలుగువాళ్లకు ఈ విషయం సామెతలోనే తెలుసు. ఉరుము ఉరిమి మంగలం మీద పడ్డట్టు అంటారు. ఎక్కడో ఉరిమితే సంబంధం లేని పాతకుండ పగిలిందని. 2018 ఏప్రిల్ 24న ఆంధ్రప్రదేశ్‌లో 13 గంటల్లో 36,749 పిడుగులు పడ్డాయని రాష్ట్ర విపత్తు నిర్వహణ యంత్రాంగం నమోదు చేసింది. మన పల్లెల్లో పిడుగుకు బలయ్యేది పొలంలో కలుపు తీసేవాళ్లు, వానకు చెట్టు కింద చేరిన గొర్రెలకాపరులు. వాళ్లు పాపులని ఊళ్లో ఎవరూ అనరు. నీ నెత్తిన పిడుగు పడ అని తిట్టే నోరే, నిజంగా పడినచోట అయ్యో అని ఏడుస్తుంది. ఆ రెండింటి మధ్య తేడా తెలిసి ఉండడం గొప్ప వివేకమే.

ఉరిమినప్పుడు తెలుగు ఇళ్లలో పిల్లల చేత అర్జునా, ఫల్గుణా అని అనిపిస్తారు. జపాన్‌లో కువబరా, కువబరా అంటారు. కువబరా మిచిజానెకు చెందిన భూమి అని, అక్కడ మాత్రం ఎప్పుడూ పిడుగు పడలేదని ఒక కథ. ఇది నీ చోటే, వదిలేయ్ అని ఆకాశానికి గుర్తు చేయడమన్నమాట. ఇంద్రుడి కొడుకు పేరు చెప్పి ఇక్కడా అదే కోరుతున్నారు. ఆకాశంలో మనల్ని గుర్తుపట్టే మనిషి ఒకడుండాలని రెండుచోట్లా ఆశ. అన్యాయంగా పోయినవాళ్లను దేవతలుగా నిలుపుకోవడమూ తెలుగు నేలకు కొత్త కాదు. కప్పం కట్టలేని కరువులో కాకతీయ సైన్యంతో తలపడి చిలకలగుట్ట వైపు వెళ్లి మాయమైన సమ్మక్కకు మేడారంలో రెండేళ్లకోసారి జాతర జరుగుతుంది. ఆమెను ఓడించిన రాజులకు అక్కడ మొక్కేవాళ్లు లేరు.

ఇదంతా ఎత్తుగడేనని అనేవాళ్లూ ఉన్నారు. వాళ్ల వాదనలో బలం లేకపోలేదు. తోకిహిరా వంశం చితికిపోయాక పెత్తనం అతని తమ్ముడు తదాహిరాకు దక్కింది. తదాహిరాకు మిచిజానెతో వైరం లేదు. అన్న వంశం మీద శాపముందన్న ప్రచారం తమ్ముడి వంశానికి కలిసొచ్చేదే. 959లో కితానో గుడికి పెద్ద భవనాలు కట్టించింది తదాహిరా కొడుకు మొరొసుకె. అయితే ఈ లెక్క చూపేది సగమే. శాపం ఉందని చెప్పుకోవాలంటే ముందు మిచిజానె ఏ తప్పూ చేయలేదని ఒప్పుకోవాలి. 923లో చక్రవర్తి ఉత్తర్వును తగలబెట్టించినప్పుడు ఆ ఒప్పుకోలు లేదు, కాగితం మాత్రమే బూడిదైంది. గుడి కట్టాక ఆ మాట ఊరందరి ముందూ నిలబడింది, ఫుజివరాలే వచ్చి మొక్కారు.

తర్వాతి శతాబ్దాల్లో ఉరుము మెల్లగా వెనక్కి తగ్గి, ఆయనలోని పండితుడు ముందుకొచ్చాడు. 17వ శతాబ్దం నుంచి ఊరి బడుల్లో ఆయన బొమ్మ పెట్టుకుని అక్షరాలు దిద్దించారు. ఇప్పుడు పరీక్షల కాలంలో జపాన్ విద్యార్థులు వేల తెన్మాంగు గుళ్లలో చెక్కపలకల మీద కోరికలు రాసి వేలాడదీస్తారు. గుళ్ల ముందు కూర్చున్న కంచు ఎద్దుల తల నిమిరి వెళ్తారు.

రాజ్యం మాత్రం ఆయనకు లెక్క చెల్లిస్తూనే పోయింది. 993లో దజైఫుకు దూతను పంపి, అత్యున్నత శ్రేణితో పాటు ఎడమ మంత్రి పదవిని సమాధి ముందు చదివి వినిపించారు. అది ఒకప్పుడు తోకిహిరా కూర్చున్న స్థానం. మిచిజానె దానికి తృప్తి పడలేదని వార్త రాజధానికి చేరింది. అదే ఏడాది ఇంకో దూత బయలుదేరాడు. ఈసారి ఇచ్చింది మహామంత్రి పదవి. దానిపైన చక్రవర్తి తప్ప ఎవరూ లేరు. అప్పటికి ఆయన చనిపోయి 90 ఏళ్లు.